నలభై ఎర్ర ఉదయాలు

దీపాల గది దినచర్య పుస్తకం. రాస్తున్నది వరహాలమ్మ.

కార్తీక శుద్ధ దశమి

పొద్దున్నే మొదటి పని దీపాల మీద ఉప్పు తుడవడం. సముద్రపు గాలి కదా, తెల్లారేసరికి గాజు మీద తెల్లటి పొర కట్టేస్తుంది. మెత్తటి గుడ్డ తీసుకుని రెండు వందల పన్నెండు దీపాలూ తుడవాలి. ఒక్కొక్కటీ ఉసిరికాయంత. మా తేలువాడలో మనుషులు ఎంతమందో దీపాలూ అన్నే.

ఇక్కడ ప్రతి మనిషి చాపలోనూ సన్నని తీగ అల్లి ఉంటుంది. చాప కొసను ఇంటి తాడుకి తగిలించి దాని మీద కూర్చుంటే చాలు, గుండె చప్పుడు తాడులోకి వెళ్తుంది. అక్కడినుంచి పక్కింటి తాడులోకి, అలా ఇల్లిల్లూ దాటుకుని నా గదికి వచ్చి దీపమై వెలుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ వెలుగుతుంది. అందుకే ఎవరింటికి వెళ్ళినా ఎవరి చాప వాళ్ళే చంకన పెట్టుకుని వెళ్ళడం మా వాడ ఆచారం. బయట తెప్పల మీద ఇళ్ళు ఊగుతూ ఉంటాయి, ఇక్కడ గోడ మీద ఆ ఇళ్ళలోని మనుషులు ఊపిరి పీలుస్తూ ఉంటారు. ఎనిమిది నెలల కిందట కొత్తగా వచ్చినప్పుడు గంటలకొద్దీ చూస్తూ ఉండిపోయేదాన్ని. పాలిచ్చే తల్లి దీపం, బిడ్డ దీపం ఒకే తాళంలో నడుస్తాయి. కొత్తగా పెళ్ళయినవాళ్ళవి పది రోజుల్లో తాళం కలుస్తాయి. ఎందుకని ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నా పని చూడడం, రాయడం.

తెల్లగా ఉంటే క్షేమం. మసకబారితే నీరసం. ఎర్రబడితే ఆవేశం. ఇవాళ రాయవలసింది ఆ ఎరుపు గురించే.

నూట నాలుగు, నూట ఐదు. రోజూ సూర్యుడు నీళ్ళ మీద జానెడు లేచేసరికి రెండూ ఒకేసారి పండుమిరపకాయల్లా ఎర్రబడతాయి. అరగంట మండి చల్లారతాయి. నూట నాలుగు మరిడమ్మది, ఎనభై తొమ్మిదేళ్ళు. నూట ఐదు ఆమె తమ్ముడి భార్య సూరాయమ్మది, ఎనభై ఆరు. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. చెరో తెప్ప, మధ్యలో ఒక తాడు, దాటడానికి ఒక బల్ల. రోజూ పొద్దున్నే ఇంటి అంచున చాప వేసుకుని ఎదురెదురుగా కూర్చుని తగువులాడుకుంటారని వాడంతా చెబుతుంది.

నిబంధన స్పష్టంగా ఉంది. వరసగా నలభై ఎర్ర ఉదయాలు వస్తే ఆ రెండిళ్ళ మధ్య తాడు విప్పి, ఇళ్ళను వాడకు చెరో కొసనా కట్టాలి. పక్కవాళ్ళను కాల్చుకుతినే మనుషులు ఉంటారు కదా, వాళ్ళ బారినుంచి కాపాడడానికి పెద్దలు పెట్టిన నిబంధన. నాకు ముందు ఈ గదిలో పనిచేసినాయన పుస్తకాలు తిరగేశాను. ఆ రెండు దీపాల పక్కన పన్నెండేళ్ళపాటు ఒకటే మాట రాసి పెట్టాడు: 'మామూలే.' ఇంత బద్ధకం ఎక్కడైనా ఉంటుందా? రెండు ముసలి గుండెలు రోజూ మండిపోతుంటే మామూలేనట!

నేను వచ్చాక మధ్యలో ఎప్పుడో ఒకరికి జలుబు చేయడమో, వాన పడడమో జరిగి లెక్క తెగిపోయేది. ఈసారి తెగలేదు. ఇవాళ్టికి నలభై. పౌర్ణమికి తాడు మార్చమని తాళ్ళ మేస్త్రి బంగారయ్యకు చీటీ పంపాను.

కార్తీక పౌర్ణమి

ఇల్లు కదలాలంటే పౌర్ణమి గానీ అమావాస్య గానీ రావాలి. పోటు బాగా ఎత్తితేనే తెప్ప అడుగున, నీట మునిగిన పాత ఊరి మిద్దెలు తగలకుండా ఉంటాయి. ఇవాళ పొద్దున నీళ్ళు నిండుగా, అద్దంలా ఉన్నాయి. సూరాయమ్మ ఇంటిని ఉత్తరపు కొసకు లాగుతుంటే నేను పడవలో వెంట వెళ్ళాను. కింద పాత తారు రోడ్డు, దాని మీద తెల్లగీత. చందువా చేపల గుంపొకటి ఆ గీతకు ఎడమపక్కగానే బుద్ధిగా ఈదుకుంటూ పోయింది.

"రాసుందని సేసెయ్యాలేటి చెల్లెమ్మా?" అని బంగారయ్య నసిగాడు. అరవై దాటిన మనిషి, వాడలో ప్రతి ముడీ ఆయన వేసిందే.

"నిబంధన అన్నా," అన్నాను.

మరిడమ్మ తన ఇంటి అంచున నిలబడి అరిచింది. "ఒసే దీపాలదానా! మా నోళ్ళు నీకేం అడ్డమొచ్చాయే?"

"మీ ఆరోగ్యం కోసమే మామ్మా!"

సూరాయమ్మ మాత్రం, "పీడా వొదిలింది. రేపట్నుంచి సుకంగా జావ తాగుతాను," అంది. అంది గానీ వదినగారి ఇల్లు కనుమరుగయ్యేదాకా లోపలికి వెళ్ళలేదు.

సాయంత్రం నా గదికి తిరిగొచ్చాను. నా తెప్ప ఏ ఇంటికీ కట్టి ఉండదు. దీపాల గది ఊగకూడదని దీన్ని నీళ్ళలోంచి పైకి తేలిన పాత ఇనుప స్తంభానికి కట్టారు. వాడ తాళ్ళలోని చప్పుడు ఆ స్తంభం మీదుగానే నా గోడకు చేరుతుంది. పూర్వం దూరాన ఉన్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఆ స్తంభం వాడేవారట. పక్క తాడు లేని ఇల్లనే నేను ఈ ఉద్యోగం అడిగి తీసుకున్నాను. మా ఆయన పోయాక ఎవరి ఊగుడూ నాకు తగలకుండా బతకాలనిపించింది. కింది మూలన నా దీపం, రెండు వందల పన్నెండు, మసగ్గా ఉంది. దాని గాజు రెండుసార్లు మార్చాను, అయినా అంతే. సరుకే నాసిరకం.

బహుళ తదియ

మూడు ఉదయాలు, ఒక్క ఎరుపు లేదు. గోడంతా మల్లెపందిరిలా తెల్లగా ఉంది. ఎవరూ లేని గదిలో నన్ను నేనే మెచ్చుకున్నాను.

బహుళ పంచమి

మెచ్చుకోలు ఎక్కువైంది. నూట నాలుగు, నూట ఐదు రెండూ మసకబారుతున్నాయి. నా కళ్ళదే దోషమనుకుని మళ్ళీ తుడిచాను. దీపాలు తేరుకోలేదు.

బంగారయ్యను దీపాల దగ్గర కూర్చోబెట్టి, చాప చంకన పెట్టుకుని పడవ తీశాను. మరిడమ్మ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆవిడ సముద్రం వైపు వీపు పెట్టి పడుకుని ఉంది.

"ఏం తిన్నావు మామ్మా?"

"ఆకలవట్లేదే. పొద్దున్నే నాలుగు మాటలనేస్తే కడుపులో మంట పుట్టేది. మంట పుడితే కూడు దిగేది."

నాకు నవ్వొచ్చింది, ఆవిడ నవ్వలేదు. ఉత్తరపు కొసకు వెళ్ళాను. సూరాయమ్మ కూర్చునే ఉంది. ముందు జావ గిన్నె, మీద తొరక కట్టి ఉంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట ఇది: "అది పోయిందేటే?"

"లేదు మామ్మా, బాగానే ఉంది."

"అదెక్కడ పోద్ది? నన్ను సాధించడానికే పుట్టింది," అంది. జావ గిన్నె మాత్రం పక్కకు నెట్టేసింది.

తిరుగు దారిలో తెడ్డు వేయబుద్ధి కాలేదు. పడవ దానంతటదే కొట్టుకుపోయింది. నేను చేసిన పని నాకు అప్పుడు తెలిసింది.

బహుళ షష్ఠి

"అన్నా, మళ్ళీ కట్టెయ్యి," అని బంగారయ్య చేతులు పట్టుకున్నాను.

"నా సేతిలో ఏటుందమ్మా? నీరు దిగిపోయింది. అమావాస్య దాకా తెప్ప కదల్దు."

తొమ్మిది రోజులు. వినాయకుణ్ణి చేయబోతే కోతయిందని ఊరికే అనలేదు. వైద్యురాలు వచ్చి చూసి, జబ్బేమీ లేదంది, కానీ ఈ నీరసంలో ఇద్దరినీ పడవ ఎక్కించవద్దంది. జబ్బు లేని మనిషి నీరసించిపోతుంటే మందు ఎక్కడ దొరుకుతుంది?

అప్పుడో ఉపాయం తట్టింది. వీళ్ళు రాలేకపోతే మాటలు రావచ్చు కదా. మరిడమ్మ దగ్గరికి వెళ్ళి, "నీ మరదలు నిన్ను తలుచుకుంటోంది మామ్మా. ఒంట్లో ఎలా ఉందని అడిగింది," అన్నాను, తేనె పూసి.

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "అది అలాగనదు. యాభై అయిదేళ్ళబట్టి ఎరుగుదును దాన్ని. అబద్దాలాడకే, కళ్ళు పోతాయి." కన్ను మూసేసింది.

సూరాయమ్మ దగ్గరా అదే జరిగింది. బంగారయ్య పుస్తకంలో తన వంకర రాతతో రాశాడు: 'ఇంకా తగ్గాయి.'

బహుళ సప్తమి

ఇవాళ తేనె మానేశాను. ఉత్తరపు కొసకు ముందు వెళ్ళి, "మీ వదినగారికి ఏం చెప్పమంటావు? ఉన్నదున్నట్టు చెబుతాను," అన్నాను.

సూరాయమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నిటారుగా కూర్చుంది. "సెప్పు. మా ఆయనకి ఇనపడనిది కుడి చెవే అని సెప్పు. తోడబుట్టినదానికి ఆ మాత్రం తెలీదంటే సిగ్గుండాలని సెప్పు. మర్సిపోకు, సిగ్గుండాలి అనేటప్పుడు చెయ్యి ఇలాగ తిప్పాల."

చెయ్యి తిప్పడం రెండుసార్లు నేర్పించింది. గంటన్నర తెడ్డు వేసి దక్షిణానికి వచ్చి, మరిడమ్మ ముందు నా చాప వేసుకుని కూర్చుని, మాట పొల్లుపోకుండా అప్పజెప్పి చెయ్యి తిప్పాను.

ముసలమ్మ లేచి కూర్చుంది!

"కుడి చెవా? కుడి చెవంటదా అది! ఎడం చెవే! చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాడు, ఎడంపక్కే పడ్డాడు, నేను పక్కనే ఉన్నాను. అప్పటికిది మా ఇంట్లో అడుగెట్టిందేటి? పో, ఎల్లి సెప్పు! ఉండు, ఆ గంజి ఇటియ్యి. తాగి సెప్తాను, ఇంకా ఉంది."

తగువు దేనిగురించో నాకు అప్పటికి అర్థమైంది. సూరాయమ్మ మొగుడు, మరిడమ్మ తమ్ముడు అయిన గవర్రాజు పోయి ముప్ఫై ఏళ్ళయింది. ఆయనకు వినపడనిది ఏ చెవి అన్నది ఇంకా తేలలేదు. బంగారయ్య రాసింది: 'నూట నాలుగు కొంచెం ఎరుపు.' నేను ఆ పేజీ మీద తల ఆనించి ఏడ్చాను. ఏడవడం తప్పేమీ కాదు.

బహుళ దశమి

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరకుండవంటారు. నోళ్ళు వాళ్ళవి, కాలు నాది. పొద్దున ఉత్తరం, మధ్యాహ్నం దక్షిణం. దారిలో తిట్లు మర్చిపోకుండా పాటలా పాడుకుంటున్నాను. 'నీ తెలివి తెల్లారినట్టే ఉంది' అన్నది తెడ్డుకు బాగా తాళం కుదురుతుంది. మొన్న ఒక కొంగ నా పడవ ముక్కు మీద వాలి, అంతా విని ఎగిరిపోయింది.

ఇవాళ మరిడమ్మను అడిగాను. "ఏ చెవైతే ఏంటి మామ్మా? మనిషే లేడు కదా."

ఆవిడ గంజి గిన్నె కింద పెట్టింది. "మనిషి లేడు గనకే కదే. ఈ వాడలో వాడింకెవరికి గుర్తున్నాడు? నాకూ దానికీ. అది తప్పుగా సెప్తాది. నేను సరిసెయ్యాల. సరిసెయ్యాలంటే పొద్దున్నే లెగాల కదే."

నాకు తప్పు చెప్పేవాళ్ళు గానీ సరిచేసేవాళ్ళు గానీ ఎవరూ లేరని ఆ క్షణంలో గుర్తొచ్చింది. మా ఆయన టీలో బెల్లం వేసుకునేవాడా, పంచదారా? నేనేం చెబితే అదే. కాదనేవాళ్ళు లేరు.

బహుళ ద్వాదశి

తాళ్ళు పేనుతున్న బంగారయ్యను మాటల మధ్య అడిగాను. కుర్రతనంలో ఆయన గవర్రాజు పడవలో పనిచేశాడట.

"చెవుడా? గవర్రాజు మామకా?" అని పగలబడి నవ్వాడు. "అరమైలు దూరాన చేప ఎగిరితే ఇనేవోడమ్మా! ఇంటికాడ మాత్రం ఆడోళ్ళు సాధిత్తంటే, పెళ్ళాం ఏ పక్కుంటే ఆ చెవి ఇనపడదనేవోడు, అక్క ఏ పక్కుంటే ఆ చెవి ఇనపడదనేవోడు. పడవెక్కేక మాకు సెప్పి నవ్వేవోడు."

నేను నవ్వలేకపోయాను. అంటే రెండు చెవులూ బాగానే ఉన్నాయి. ఇద్దరి మాటా తప్పే. ఇది చెబితే తగువు తీరిపోతుంది. తగువు తీరిపోతే? "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి అన్నా," అన్నాను గట్టిగా. ఆయన తల ఊపి, "సరే గానీ, నీ దీపం గాజు మార్పించేవేటి? నువ్వు తిరగడానికెళ్ళినప్పుడు బాగా ఎలుగుతంది," అన్నాడు.

"ఎక్కడ మార్చాను? నీ కళ్ళు చూపించుకో," అని వచ్చేశాను.

బహుళ చతుర్దశి

రెండు రోజులుగా పొగమంచు. చెయ్యి చాస్తే చెయ్యి కనిపించడం లేదు. నిన్న పడవ తీసి దారి తప్పి, ఒక పాత మేడ పిట్టగోడకు కొట్టుకుని వెనక్కి వచ్చాను. మాటలు చేరలేదు.

నూట నాలుగు ఎంత సన్నగిల్లిందంటే, అరచేతులు రెండూ అడ్డుపెట్టి చీకటి చేస్తే గానీ కనిపించడం లేదు. పొరుగువాళ్ళు తాళ్ళు పట్టుకుని వెళ్ళి చూసి వచ్చారు. మరిడమ్మ పొద్దున లేవబోయి పడిందట, కుడి కాలు కదలడం లేదట. గోడ ముందు కూర్చుని, 'పోకు, పోకు మామ్మా' అంటూ ఉండిపోయాను. భయమేసింది. ఆవిడ పోతే చంపింది నేనే. నిబంధన కాదు, నేనే.

కార్తీక అమావాస్య

పోటు వచ్చింది, మంచు పోలేదు. ఏ దిక్కుకు లాగాలో కనిపించకుండా ఇల్లు కదిలించకూడదని పెద్దలన్నారు. బంగారయ్య నా మొహం చూశాడు. ఆయనే మనుషుల్ని పిలిచి తాళ్ళు విప్పాడు.

సూరాయమ్మ ఇంటి ముందు అంచున నేనూ ఆవిడా కూర్చున్నాం. చుట్టూ తెలుపే. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశమెక్కడ మొదలైందో తెలియడం లేదు. లోకమంతా ఎవరో మరిచిపోయిన కలలా ఉంది. సగం దూరం వచ్చామనుకున్నాక మనుషులు లాగడం ఆపేశారు. ఇక ఎటో ఎవరికీ తెలియదు. పోటు ఇంకో గంట ఉంటుంది, ఆ తర్వాత ఇల్లు మిద్దెల మీద కూర్చుని విరిగిపోతుంది.

"మామ్మా, కేకెయ్యి," అన్నాను.

"ఏటని?"

"రోజూ అరిచేదే."

ఆవిడ గొంతు సవరించుకుంది. "ఒదినా! కుడి చెవే!"

ఏమీ లేదు. నీళ్ళ చప్పుడు.

"ఒదినా! ఇనపడతందా? కుడి చెవి! నీకూ సెవుడొచ్చిందేటి?" చివరి మాటకు గొంతు పగిలింది. "ఒదినా, పలకవే!"

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. అప్పుడు, చాలా దూరంనుంచి, మా ఎడమపక్కనుంచి, దారమంత సన్నగా ఒక గొంతు వచ్చింది.

"ఎడం సెవే... ముదనష్టపుదానా..."

"ఎడమకి లాగండ్రా!" అని బంగారయ్య కేకేశాడు. మేమంతా నవ్వుతున్నామో ఏడుస్తున్నామో మాకే తెలియలేదు. సూరాయమ్మ ఒక తిట్టు వేసేది, మంచులోంచి ఒక తిట్టు వచ్చేది, ఇల్లు ఆ వైపు పది బారలు జరిగేది. చెవి అయిపోయాక చేపల పులుసులోకి వెళ్ళారు, పులుసు అయిపోయాక పెళ్ళినాటి పట్టుచీరలోకి. చీర రంగు దగ్గర ఉండగా తెప్పకు తెప్ప తగిలింది.

మరిడమ్మను ఇద్దరు చాపతో సహా అంచుకు మోసుకొచ్చి ఉంచారు. సూరాయమ్మ బల్ల వేసేదాకా ఆగలేదు, నా భుజం పట్టుకుని దాటేసింది. వదినగారి కాలు ఒళ్ళోకి తీసుకుని నిమురుతూ, "తిండి మానేసేవంట, బుద్దుందా?" అని తిట్టింది.

మార్గశిర శుద్ధ విదియ

జరిగిందంతా పెద్దలకు రాసి ఇచ్చాను. ఎరుపంతా ఒకటి కాదనీ, ఇకమీద నలభై ఎర్ర ఉదయాలు వస్తే తాడు విప్పే ముందు ఆ ఇంటి అంచున నలభై నిమిషాలు కూర్చుని రావాలనీ రాశాను. మరిడమ్మ కుడి కాలు తిరిగి రాలేదు. ఇక రాదని వైద్యురాలు చెప్పింది. అదీ రాశాను, నా పేరుతో సహా.

నూట నాలుగు, నూట ఐదు వేళకు ఎర్రబడుతున్నాయి. పాత పుస్తకం రాసినాయనకు మనసులో దండం పెట్టుకుని పక్కన 'మామూలే' అని రాశాను.

నా పడవ కట్టే ఉంది. మొయ్యడానికి మాటలేమీ లేవు. రెండు వందల పన్నెండు పూర్తిగా మసకేసింది. దాని గాజు తీసి వేరే గాజు పెట్టబోయి, చేతిలో పట్టుకుని ఆగిపోయాను. సరుకు నాసిరకం కాదని అప్పుడు అర్థమైంది. గాజు మార్చకుండానే బిగించేశాను.

మార్గశిర శుద్ధ చవితి

పొద్దున్నే బంగారయ్య వచ్చాడు. "నిన్ను రమ్మంటన్నారు ముసలోళ్ళు. ఎందుకో సెప్పలేదు. నే చూస్తాలే దీపాలు, ఎల్లు."

చాప చంకన పెట్టుకుని వెళ్ళాను. ఇద్దరూ అంచున కూర్చుని ఉన్నారు, మధ్యలో మూడో చాపకు చోటు వదిలి. నేను కూర్చుని చాప కొసను వాళ్ళ తాడుకు తగిలించగానే మరిడమ్మ మొదలుపెట్టింది.

"రెండ్రోజులబట్టి రాలేదేం? కాలు నాకు పోయిందా, నీకు పోయిందా?"

ఆ మాట సూటిగా తగిలింది. తల దించుకున్నాను. ఆవిడ నా తల మీద మొట్టి, "ఏడుపు తర్వాత. ముందు తీర్పు సెప్పు. రెండు పక్కలా ఇన్నదానివి నువ్వే కదా. ఏ చెవి?" అంది.

"కుడి అని సెప్పవే," అంది సూరాయమ్మ.

చెప్పకూడదనే అనుకున్నాను. ఒట్టు. కానీ ఇద్దరూ చెరో పక్కా చేరి నా చెవుల్లో అరుస్తుంటే తల దిమ్మెక్కి నోరు జారింది. "ఏ చెవీ కాదు! రెండూ బాగానే వినపడేవి! మీ ఇద్దరి పోరూ పడలేక నటించేవాడు!"

అంతా పాడుచేశాననుకున్నాను. వాళ్ళను బతికిస్తున్న తగువును నేనే తీర్చేశాననుకున్నాను.

వదినా మరదళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నా తమ్ముణ్ణి దొంగంటావే?"

"మా ఆయన నాతో అబద్దవాడేడా? నువ్వు చూసేవేటే? నిన్నగాక మొన్నొచ్చి!"

యాభై అయిదేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు. నేనూ ఊరుకోలేదు. బంగారయ్య సాక్ష్యమన్నాను, ఆయన సాక్ష్యం చెల్లదన్నారు. చింతచెట్టు అబద్ధమన్నాను, నన్ను కొట్టడానికి చేట వెతికారు. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. మా ఆయన టీలో బెల్లమే వేసుకునేవాడని కూడా మధ్యలో ఎందుకో చెప్పాను. "బెల్లం టీ ఎవడు తాగుతాడే, పంచదారే అయ్యుంటాది," అని దాని మీదా తగువుకొచ్చారు. ఆకలేసి ముగ్గురం గంజి తాగాం. మళ్ళీ రేపు రమ్మన్నారు, తేల్చాల్సింది చాలా ఉందట.

తిరిగి వచ్చేసరికి బంగారయ్య వెళ్ళిపోయాడు. పుస్తకం తెరిచే ఉంది. ఆయన వంకర రాతలో ఇవాళ్టి నమోదు:

'నూట నాలుగు ఎరుపు. నూట ఐదు ఎరుపు. రెండు వందల పన్నెండు ఎరుపు. మామూలే.'